ఎవరని అడగని పెద్దక్క

నస్రుల్లాబాద్ దాటి లోపలికి మట్టిరోడ్డు పట్టుకుని వెళ్తే ఒక తండా వస్తుంది. దహనం అయిపోయాక అక్కడ బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే, ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి "నీకేమైతది ఆమె?" అని అడిగింది. చుట్టం కాదు. మా కులం కాదు, మా ఊరూ కాదు. స్నేహితురాలు అందామంటే, ఆమె ఎదుట నేను ఏనాడూ కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. చివరికి "మా పెద్దక్క" అన్నాను. ముసలామె నవ్వలేదు. "పొద్దటిసంది అందరు గదే చెప్తుండ్రు" అని పక్కకు జరిగి నీళ్లు పట్టుకుంది.

నిజమే. బాన్సువాడలోని నాలుగైదు నర్సింగ్ హోముల నుంచి వచ్చిన ఆడవాళ్లం పదిహేను మందిమి అక్కడ ఉన్నాం. కొందరు నర్సులు, కొందరు ఆయమ్మలు. అందరం ఏదో ఒక ఏడాది ఆమె చేతి కింద పనిచేసినవాళ్లమే. ఆమెకు పేరు లేదా అంటే ఉంది, రిజిస్టర్లో ఉండేది. ఆ పేరుతో పిలిచింది మాత్రం మా ఆసుపత్రి నడిపిన డాక్టరు సార్ ఒక్కరే, అదీ కోపం వచ్చినప్పుడు. అందుకే ఇక్కడ కూడా రాయను.

నేను బీర్కూర్ నుంచి రోజూ పొద్దుటి బస్సులో వచ్చి ఆ ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో, ఆమె అంటే నాకు గుండె దడ. బస్టాండ్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఇరవై మంచాల ఆసుపత్రి అది. ఇప్పుడు ఆ పేరుతో లేదు. ఆమె ఇన్‌చార్జి సిస్టర్. మనిషి పొట్టి. కొప్పులో ఎప్పుడూ ఒక నీలం పెన్ను గుచ్చి ఉండేది. ప్లాస్టర్ పళ్లతో కొరికి తెంపేది. మధ్యాహ్నం జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు నిలబడే తినేది. ఇంటి నుంచి ఫోన్ వస్తే లంబాడీలో గలగలా మాట్లాడి, ఫోన్ పెట్టేయగానే తెలుగులోకి, అంటే తిట్లలోకి, వచ్చేసేది. కాళ్లకు పల్చటి రబ్బరు చెప్పులు. నడిస్తే చప్పుడు ఉండదు. మనం చేతులు సరిగా కడుక్కోకుండా గ్లవ్స్ వేసుకుంటుంటే, సెలైన్ పెట్టి ఫోన్ చూసుకుంటుంటే, వెనక నుంచి గొంతు వినిపించేది: "ఎవరు? ఎవరిది ఈ పని?" ఎదురుగా నన్ను చూస్తూ కూడా "ఎవరు?" అనే అడిగేది. నా నోటితో నేనే ఒప్పుకుంటే తప్ప ఆమెకు తృప్తి ఉండేది కాదు.

ఆమె ఒక్కతే అలా అంటే అన్యాయం. ఆ ఆసుపత్రే అట్లా ఉండేది. సార్ చెయ్యి మంచిది, ఎంత కష్టమైన కాన్పైనా చెమట పట్టకుండా చేసేవారు. నోరు మాత్రం మంచిది కాదు. తన గదిలో కూర్చుని కెమెరాల్లో మమ్మల్ని చూసేవారు. ఏ మూల దూది ముక్క కనిపించినా దాన్ని ఫొటో తీయించి, చుట్టూ ఎర్ర గీత గీసి, స్టాఫ్ గ్రూపులో పెట్టేవారు. తప్పు చేసినవాళ్లు 'సారీ సర్' అని రాయాలి. మిగతావాళ్లం దండం బొమ్మలు పెట్టాలి. దేనికి ఆ దండం అంటే ఎవరికీ తెలియదు. ఎర్ర గీత ఈ పూట నా చుట్టూ పడలేదు కదా అని, అంతే. నేనూ చాలా దండాలే పెట్టాను.

పెద్దక్క మారడానికి కారణం ఏ ట్రైనింగూ కాదు. ఒక సిస్టర్ రెండు సెలైన్ సీసాలు తారుమారు చేసింది. ఒకరికి కట్టాల్సింది ఇంకొకరికి కట్టింది. కాసేపటికి తనే చూసుకుని, గప్‌చుప్‌గా తీసేసి, ఎవరికీ చెప్పలేదు. సాయంత్రానికి ఆ పేషెంటుకు ఒళ్లంతా వాచి ఊపిరి ఆడలేదు. అంబులెన్సులో నిజామాబాద్ తీసుకుపోయారు. ఎట్లాగో బతికాడు. సీసా సంగతి బయటపడింది మూడో రోజున. పెద్దక్క ఆ అమ్మాయిని మందుల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. మేమంతా బయట చెవులు రిక్కించి నిలబడ్డాం. తిట్లు వినిపిస్తాయనుకున్నాం. ఏమీ వినిపించలేదు. ఆ అమ్మాయి బయటికొచ్చి, బ్యాగు తీసుకుని, మా వైపు చూడకుండా వెళ్లిపోయింది. తర్వాత చాలాసేపటికి గానీ పెద్దక్క రాలేదు.

లోపల ఏం జరిగిందో వారం తర్వాత ఆమే చెప్పింది. మధ్యాహ్నం రెండు గంటలకు డ్యూటీలు మారతాయి. వెళ్లేవాళ్లం, వచ్చినవాళ్లం కలిసి ఎనిమిది మందిమి ఉన్నాం. కెమెరా కంటికి ఆనని చోటు ఆ ఆసుపత్రిలో ఒక్కటే, నీళ్ల ఫిల్టరు పక్కన. అక్కడికి పిలిచింది. కొప్పులోంచి పెన్ను తీసి చేతిలో తిప్పుతూ, మా మొహాలు చూడకుండా మాట్లాడింది.

"ఆ పిల్లను అడిగిన, తప్పు ఎవరైన చేస్తరు, నాకెందుకు చెప్పలేవని. సార్ తిడ్తడని భయపడ్డవా అన్న. కాదక్కా, తలుపు చాటు నుంచి నువ్ వస్తుంటవ్ గదా, అదే భయం అన్నది. గా మనిషికి ఊపిరాడకుండ అయ్యింది సీసతోని కాదు. నాతోని."

నాకు జాలి వేయలేదు, నిజం చెప్తున్నాను. ఇన్నాళ్లు మమ్మల్ని కాల్చుకు తిని ఇప్పుడు కథలు చెప్తోంది అనుకున్నాను. నాకు కోపం కాస్త ఎక్కువ, మనసులో పెట్టుకునే గుణం ఇంకా ఎక్కువ.

మర్నాటి నుంచి ఆమె గట్టి అడుగున్న చెప్పులు వేసుకొచ్చింది. బజార్లో ఏరి కొన్నదట. టక్ టక్‌మని ఆసుపత్రి అంతా వినిపించేది. పేషెంట్ల వాళ్లు విసుక్కునేవారు. "అక్కా, గా చప్పుడేంది?" అని ఒక ఆయమ్మ అడిగితే, "నేనొస్తున్న అని తెల్వాలె. దొంగ లెక్క వచ్చుడు బంద్" అంది. రెండోది ఇంకా వింత. ఏదైనా పగిలినా, ఒలికినా ఆమె నోట్లోకి పాత అలవాటు కొద్దీ "ఎవ—" వచ్చేసేది. అక్కడ ఆగిపోయేది. పెదాలు బిగించి, గుటక వేసినట్టు ఆ మాటను మింగి, "ఏమైంది? ఇప్పుడు ఎట్లున్నరు?" అనేది. ఆ గుటక మాకందరికీ కనిపించేది. మేం వెనక దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్లం. అందరిలో బాగా చేసేది నేనే.

రోజూ రెండింటికి ఫిల్టరు పక్కన నిలబడడం ఆనవాయితీ అయింది. నియమం ఒక్కటే. ఈ పూట నేను చేసిన తప్పు, లేదా చేయబోయి ఆగిన తప్పు చెప్పాలి. ముందు ఆమే మొదలుపెట్టేది. "నాలుగో బెడ్ సెలైన్ అయిపోయినంక పావుగంటకు చూసిన." "ఆరో బెడ్ ముసలాయన పిలుస్తుంటే వినపడనట్టే పోయిన." అదే సాయంత్రం సార్ ఎర్ర గీతలు గీసే గ్రూపులో కూడా రాసేది. ఎవరూ పట్టుకోకముందే తన తప్పు తనే రాసేసరికి సార్‌కు ఏం చేయాలో తోచేది కాదు. దండాలు పెట్టాలా వద్దా అని మేమూ తికమకపడేవాళ్లం.

నెల గడిచినా ఆమె తప్ప ఎవరూ నోరు విప్పలేదు. బస్సులో నా పక్కన కూర్చునే సిస్టర్‌తో నేనే అన్నాను: "ఆమెకేందే, ఇన్‌చార్జి. ఆమె చెప్తే గొప్పతనం. మనం చెప్తే కొలువు పోతది." ఆ మాట తప్పని ఇప్పటికీ అనను. సార్‌కు ఈ ఫిల్టరు దగ్గరి నిలబాటు సంగతి తెలిసి ఆమెను గదికి పిలిచి కేకలు వేయడం మెట్ల దాకా వినిపించింది. "పేషెంట్లు వింటే ఏమైతది? నా దవాఖాన మూసుకోవాల్నా?" ఆమె బయటికొచ్చి, పెన్ను కొప్పులో గుచ్చుకుని, రెండు కాగానే ఫిల్టరు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆ రోజు మేం ముగ్గురమే వెళ్లాం. మిగతావాళ్లు భయపడి మానేశారు. నేను వెళ్లింది ధైర్యం ఉండి కాదు, మంచినీళ్ల సీసా నింపుకోవడానికి.

ఇక నా సంగతి.

ఎండాకాలం. పైఅంతస్తులో ఆడవాళ్ల గది. నాలుగు మంచాలు, రెండు ఫ్యాన్లు. తలుపు వైపు ఫ్యాను మూలగడమే తప్ప తిరగదు. రెండో మంచం మీద మా బీర్కూర్ వైపు పెద్దావిడ, షుగరు, కాలికి పుండు. ఆమెకు రోజూ భోజనానికి ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. నాలుగో మంచం మీద మహారాష్ట్ర అంచున ఉన్న డోంగ్లి వైపు నుంచి వచ్చిన ముసలావిడ, వాంతులతో చేరింది. ఆమెకు షుగరే లేదు. మూడు రోజులుగా ఏమీ తినడం లేదు. రెండో మంచం మీద ఫ్యాను తిరుగుతుంది, నాలుగో మంచం మీద తిరగదు. నాకు తెలియంది ఒక్కటే. ఆ పొద్దున డోంగ్లి అవ్వకు ఉక్కపోతకు కళ్లు తిరుగుతున్నాయని మా బీర్కూర్ అవ్వ జాలిపడి తన మంచం ఇచ్చి తను అటు వెళ్లి పడుకుంది.

సిరంజిలో ఇన్సులిన్ ఎక్కించుకుని మెట్లెక్కుతుంటే జేబులో ఫోన్ మోగింది. గ్రూపులో ఫొటో. స్పిరిట్ సీసాకు మూత లేదు, చుట్టూ ఎర్ర గీత. కింద సార్ ఒక ప్రశ్న గుర్తు. ఆ బల్ల నాది. అప్పటికే మూడు దండాలు వచ్చేశాయి, అందులో ఒకటి నా పక్క సీటు సిస్టర్‌ది. కళ్లలో నీళ్లు, పళ్ల కింద తిట్లు. ఆ ఊపులో గదిలోకి వెళ్లి మంచం మీద నంబర్ చూశాను. రెండు. మొహం చూడలేదు. పేరు అడగలేదు. అవ్వ మరాఠీలో ఏదో అంటూ చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఏంకాదవ్వా, చీమ కుట్టినట్టుంటది" అని సూది ఇచ్చేసి బయటికొచ్చి 'సారీ సర్' టైపు చేశాను.

కాసేపటికి నాలుగో మంచం నుంచి పిలుపు. "బిడ్డా, అన్నం వచ్చింది. నాకు సూదియ్యవా ఇయ్యాల?"

అటు చూశాను. తర్వాత ఇటు చూశాను. అప్పుడు నాకు అర్థమైంది.

వాచీలో ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ. ఆ క్షణం పరుగెత్తి చెప్పి ఉంటే ఇది రాసే అవసరమే ఉండేది కాదు. నేను పరుగెత్తలేదు. మా ఇంట్లో నా జీతం మీద ఆధారపడినవాళ్లు గుర్తొచ్చారు. గ్రూపులో నా మొహం చుట్టూ ఎర్ర గీత గుర్తొచ్చింది. కిందికి దిగి, రోడ్డు దాటి, చక్కెర ఎక్కువ వేయించి ఒక గ్లాసు చాయ్, ఒక బిస్కెట్ పొట్లం తెచ్చాను. తినిపిస్తే సర్దుకుంటుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను. అవ్వ రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకుంది. బతిమాలాను. బిస్కెట్ నానబెట్టి పెదాలకు అందించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆమె కొడుకు మందుల కోసం బయటికి వెళ్లాడు, తిరిగొచ్చేలోపు లేచి కూర్చో తల్లీ అని మనసులో వేడుకున్నాను. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. ఫ్యాను కిందే ఉంది, అయినా చెమట. చేతులు వణకడం మొదలైంది. నన్ను చూసి, తన కూతురనుకుని కాబోలు, ఎవరి పేరో పెట్టి పిలిచింది.

మెట్ల మీద టక్ టక్ వినిపించింది.

ఆ చెప్పులు రబ్బరువే అయి ఉంటే, ఆమె చప్పుడు లేకుండా వెనక నిలబడి ఉంటే, నేను కచ్చితంగా "ఏం లేదక్కా, నీరసం" అని ఉండేదాన్ని. ఆ చప్పుడు మెట్టు మెట్టుకూ దగ్గరవుతుంటే నాకు ఆలోచించుకునే వ్యవధి దొరికింది. గుమ్మంలోకి రాగానే చెప్పేశాను. "అక్కా, ఇన్సులిన్ ఈమెకు ఇచ్చిన. ఇప్పుడే. ఇప్పుడే ఇచ్చినక్కా."

"ఎవ—" అంది. గుటక వేసింది. "ఎంత ఇచ్చినవ్?"

చెప్పాను. ఆమె నన్ను తోసుకుని మంచం దగ్గరికి వెళ్లింది. స్టూలు మీది చాయ్ గ్లాసు అందుకుని, ఒక్క క్షణం చేతిలో పట్టుకుని, పక్కన పెట్టేసింది. "మీటర్ తే. గ్లూకోజ్ తే. ఉరుకు." మీటరులో షుగరు అంకె అట్టడుక్కి పడిపోయి ఉంది. అవ్వ నరం దొరకడం లేదు. పెద్దక్క మంచం మీదికి వంగి, మూడో ప్రయత్నంలో సూది దించి, గ్లూకోజ్ ఎక్కిస్తూ, "అవ్వా, నన్ను చూడు, కండ్లు మూయకు" అంటూనే ఉంది. సార్ వచ్చారు. తప్పు సంగతి విన్నారు. చెయ్యి మంచిదన్నాను కదా, ఆ గంటసేపు నోరు కూడా అదుపులోనే ఉంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ ముసలావిడ చచ్చిపోతే నేను ఏమవుతాను అని ఆలోచించాను. ముందు నా గురించే ఆలోచించాను. అది కూడా చెప్పుకోవాలి.

అవ్వ తేరుకుని "పాణీ" అని నీళ్లు అడిగింది. పెద్దక్క అప్పుడు నేల మీదే కూలబడింది. ఆమె కూర్చోవడం నేను చూడడం అదే మొదలు.

సార్ మమ్మల్నిద్దరినీ గదికి పిలిచారు. "నీరసం వచ్చి పడిపోయింది అని చెప్పుండ్రి. ఈ పిల్లను రేపటి నుంచి రావద్దను" అన్నారు.

"చెప్పాలె సార్, ఉన్నదున్నట్టు" అంది పెద్దక్క.

"నీకు తెలుసా ఏమైతదో? అద్దాలు పలగ్గొడ్తరు. నన్ను రోడ్డు మీదికి గుంజుతరు."

"గుంజితే ముందు నన్ను గుంజుతరు. నేనే పోయి చెప్త." ఆమే మళ్లీ అంది, "ఈ పిల్లను తీసేస్తే, రేపు తప్పు చేసేటోళ్లు ఎవ్వరు చెప్పరు సార్. మీకు తెల్వది, నాకు తెల్వది. మంచం మీదున్నోళ్లకే తెలుస్తది."

సార్ బల్ల మీద అరచేత్తో కొట్టారు. పెన్నుల డబ్బా కింద పడింది. ఆమె వంగి పెన్నులు ఏరి డబ్బాలో వేసి, నా మోచేయి పట్టుకుని బయటికి నడిపించింది.

అవ్వ కొడుకు ఆరడుగుల మనిషి, చెరకు నరికే చేతులు. పెద్దక్క అతనికి కుర్చీ వేసి, ఎదురుగా నిలబడి, ఒక్కటీ దాచకుండా చెప్పింది. వేరేవాళ్లకు ఇవ్వాల్సిన సూది మీ అమ్మకు ఇచ్చాం, ప్రాణం మీదికి వచ్చింది, ఇప్పుడు గండం గడిచింది, రేపటి దాకా గంటగంటకూ చూస్తాం. "ఇచ్చింది నేనే అన్నా" అన్నాను. అతను లేచిన తీరుకు కుర్చీ వెనక్కి పడింది. ఒక అడుగు ముందుకు వేశాడు. పెద్దక్క కదల్లేదు. నేను ఆమె వెనక్కి జరిగాను.

"మా ఆయికి ఏమన్న అయ్యుంటే?" అన్నాడు.

"మా దగ్గర జవాబు లేకుండె అన్నా" అంది ఆమె.

మంచం మీది నుంచి అవ్వ, ఈసారి తెలుగులోనే, సన్నగా అంది: "పంకా కోసం నేనే ఈడికొచ్చి పండిన. పోరిని ఏమనకు."

నా మీద నుంచి బరువు దిగినట్టయింది. పెద్దక్క దాన్ని దిగనివ్వలేదు. "కాదవ్వా. మీరు యాడ పండుకున్నా, పేరు అడగాల్సింది మేము." అతను మమ్మల్ని క్షమించలేదు. అద్దాలూ పగలగొట్టలేదు. మర్నాడు తల్లిని తీసుకుని వెళ్తూ, "మల్ల ఈ దవాఖాన గడప తొక్కం" అన్నాడు. "తొక్కకుండ్రి, గని అవ్వకు వారం దాక చారు అన్నమే పెట్టు" అంది పెద్దక్క.

ఆ మధ్యాహ్నం ఫిల్టరు దగ్గరికి పిలవకుండానే అందరూ వచ్చారు. నేను చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. అప్పుడు, అన్నాళ్లుగా ఆ మూల చీపురు పట్టుకుని నిలబడడమే తప్ప పెదవి కదపని ఆయమ్మ ఒకామె అంది: "గా ఫ్యాను ఒక్కటే మంచిగ తిరుగుతది. అందుకే రోజు మంచాలు మార్చుకుంటరు. నేను ఎన్నిసార్లు చూసిన్నో."

"మరి చెప్పలేదేంది?" అన్నాను కోపంగా. ఆ పరిస్థితిలో కూడా నాకు కోపం వచ్చింది.

"నన్ను ఎవరు అడిగిండ్రు?" అంది ఆయమ్మ.

పెద్దక్క ఆమె వైపు తిరిగి, "ఇప్పుడు అడుగుతున్న. ఏం చేద్దాం?" అంది. ఆయమ్మ ప్లాస్టర్ ముక్క మీద పేరూ ఊరూ రాసి మణికట్టుకు అతికించమంది. మంచం మారినా చెయ్యి మారదు కదా అంది. ఆ సాయంత్రమే ఇరవై మంచాల మీదివాళ్లకూ అతికించాం. నన్ను తీసేయమన్న మాట సార్ మళ్లీ ఎత్తలేదు. నాలుగు రోజులకు గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఈసారి ఎవరి వంతో అనుకున్నాం. ఎర్ర గీతలో కొత్త ఫ్యాను ఉంది. కింద మాట ఏమీ లేదు. ఆయన దగ్గర నుంచి అంతకంటే ఎక్కువ ఎప్పుడూ రాలేదు. కేకలు తగ్గాయి గానీ మానలేదు. ఫిల్టరు పక్కన మాత్రం మాట్లాడేవాళ్లు పెరిగారు.

తర్వాత నేను వేరే నర్సింగ్ హోముకు మారి, అక్కడ ఇన్‌చార్జినయ్యాను. రెండింటి నిలబాటు అక్కడా పెట్టాను. పెద్దక్క నుంచి నేర్చుకున్నానని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

పోయిన ఎండాకాలం ఆమె ఒంట్లో బాగాలేక పని మానేసి తండాలో ఉందని తెలిసి వెళ్లాను. వాకిట్లో మంచం మీద పడుకుని ఉంది. చిక్కి సగమైంది. కొప్పు లేదు, జుట్టు కత్తిరించేశారు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, గుండెల్లో ఇన్నేళ్లుగా ఉన్నది బయటపెట్టాను.

"అక్కా, ఆ దినం సూది ఇప్పుడే ఇచ్చిన అని చెప్పిన గదా. ఇప్పుడే కాదు. తప్పు తెలిసినంక కూడ ఇరవై నిమిషాలు చెప్పలే."

"ఎరుకే" అంది.

"ఎట్ల?"

"చాయ్ గ్లాసు ముట్టుకున్న గదనే. సల్లగుండె. వేడి చాయ్ ఇప్పుడే సల్లారదు గదా."

"మరి అడగలేదేంది?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్తువు. అవ్వ పానం నిలబెట్టాల్నా, నీతోని పంచాయితీ పెట్టుకోవాల్నా?" దగ్గు వచ్చి ఆగింది. మళ్లీ నా వైపు చూసి అడిగింది: "నాకు చెప్పి ఏం లాభం చెల్లె? నీ దగ్గర పనిచేసేటోళ్లకు చెప్పినవా?"

లేదన్నాను.

"మరి వాళ్లు నీకేం చెప్తరు?"

ఆ ప్రశ్న నన్ను కొట్టినట్టయింది, ఎందుకంటే జవాబు నాకు తెలుసు. మా దగ్గర రెండింటికి అందరూ వరుసగా నిలబడతారు. నేను "ఈరోజు చార్టులో సంతకం మరిచిపోయాను" అంటాను. వాళ్లు "నేను ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చాను మేడం" అంటారు. మూడు నిమిషాల్లో ముగించి వెళ్లిపోతాం. నిఖార్సైన తప్పు ఒక్కటీ ఆ వరుసలో ఇంతవరకూ వినపడలేదు. నేను పెట్టింది నిలబాటు కాదు, ఇంకో రకం దండాలు. చెప్తానక్కా అని ఆమెకు మాటిచ్చాను. బాన్సువాడ వచ్చి, రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ రెండు నెలలు నెట్టాను. ఈలోగా ఆమె పోయింది.

దహనం నుంచి వచ్చిన మర్నాడు డ్యూటీకి వెళ్లాను. రెండు కాగానే అందరూ వచ్చి నిలబడ్డారు. చేతుల్లో చార్టులు, ఒక కన్ను గోడ గడియారం మీద. ఇన్‌చార్జిని, వీళ్ల ఎదుట చులకనైపోతానని చివరి నిమిషం దాకా భయపడ్డాను. అయినా చెప్పాను. ఫ్యాను, మంచాలు, ఇన్సులిన్, చాయ్, బిస్కెట్. "తప్పు తెలిశాక ఇరవై నిమిషాలు దాచాను. ఆ ముసలావిడ నా కళ్ల ముందే వణుకుతుంటే, నా కొలువు పోతుందని దాచాను. ఇన్నేళ్లు మీకు చెప్పకుండా ఇదీ దాచాను."

ఎవరూ నా మొహంలోకి చూడలేదు. అయిపోయింది, పరువు పోయింది అనుకున్నాను. మందుల గది చూసే సిస్టర్, నాలుగేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్న మనిషి, చేతిలోని చార్టును గుండెకు హత్తుకుని ఉంది.

"మేడం... మూడో బెడ్... నొప్పి సూది, మత్తొచ్చేది. ఇంకో సిస్టర్ అప్పటికే ఇచ్చినట్టు రాసుండె. నేను చూడలే. మల్ల ఇచ్చిన."

"ఎంతసేపైంది?"

"పావుగంట."

చార్టులన్నీ బల్ల మీద పడేసి అందరం మూడో మంచం వైపు పరుగెత్తాం. ఆ మనిషి ఇంకా మెలకువగానే ఉన్నాడు. మా పరుగు చూసి కంగారుపడి, లేచి కూర్చోబోయాడు.